సక్కుబాయి దూప

కోడలి చేతి నీళ్లు ముట్టనని సక్కుబాయి ఒట్టు పెట్టుకుని అది మూడో రోజు.

ఒట్టంటే మూలకు కూర్చుని మూతి ముడుచుకునే ఒట్టు కాదు. పొద్దున లేవగానే చెంబు పట్టుకుని, గల్లీ అంతా చూసేటట్టు ఎదురింటి అనంతమ్మ అరుగు మీదికి పోవడం, అక్కడ గటగటా తాగడం, కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ తన గడపలో వచ్చి కూర్చోవడం. ఇంట్లో కడవ నిండా నీళ్లున్నాయి. కోడలు తెల్లారేసరికే పట్టి పెట్టింది. సక్కుబాయి వాటి దిక్కు చూడను కూడా చూడదు.

"అక్కా, ఏమనుకోకు గని, నా ఇంట్ల నీళ్లు గూడ నీ ఇంటి ముంగటి బోరింగువే గద" అన్నది అనంతమ్మ.

"నీళ్లు గవేనే. చెయ్యి వేరు."

"గా బోరింగును బాగుచేసేది గూడ నీ కోడలి చెయ్యేనాయె."

సక్కుబాయి చెంబు ఠక్కున కింద పెట్టింది. "నీ నీళ్లు గూడ తాగొద్దంటవా చెప్పు, ఐలయ్య హోటలుకు పోత."

అనంతమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టి లోపలికి పోయింది. సక్కుబాయితో వాదం పెట్టుకోవడమంటే మే నెల ఎండలో చెప్పుల్లేకుండా నడవడమే.

ఈ మాటలన్నీ కిటికీ ఇవతల ప్రేమలత చెవిన పడుతూనే ఉన్నాయి. ముందర ఎర్ర సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. అందులో బోల్టులు విప్పే రెండు పానలు, ఒక నూలు ఉండ, చింతకాయ తొక్కు డబ్బా, నాలుగు జతల బట్టలు. సాయంత్రం ఆరున్నరకు విమానం. రెండున్నరకల్లా ఇల్లు కదలాలి. పోయేది జాంబియా అనే దేశానికి, ఆరు నెలలకు.

ఎన్నిసార్లు మడిచినా ఆ నీలం చీర మడత కుదరడం లేదు.

*

ఆ ఫోటో చూసినప్పటి నుంచి ప్రేమలత సగం ఇక్కడ, సగం ఎక్కడో ఉంటోంది.

అత్తాపూర్‌లో నీళ్ల పనులు చేసే ఒక సంస్థ ఉంది. మండలంలో బోరింగులు బాగుచేసే ఆడమనిషి ఉందని విని, ఒక మేడమ్ వెతుక్కుంటూ వచ్చి ఆ ఫోటో చూపించింది. ఎర్రటి నేల. మన ఊరి పొలాల లాంటి నేలే. నడుమ ఒక బోరింగు, చేత్తో కొట్టే పంపు. అదే ఇనుప తల, అదే పొడుగు చెయ్యి. వీపున పిల్లను కట్టుకున్న ఒకామె ఆ చెయ్యి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. బోరింగు చెడిపోయి ఏడాది దాటిందట. ఊరి ఆడవాళ్లు కోసెడు దూరం పోయి వాగు ఇసుకలో చెలిమెలు తవ్వి, ఆ బురద నీళ్లు తోడుకుంటున్నారట. చిన్నపిల్లలు వాంతులతో పోతున్నారట.

"ఇది మనూరి బోరింగే గద మేడమ్!" అన్నది ప్రేమలత.

"మన దేశం బోరింగేనమ్మా. అక్కడ ఊరూరా వేశారు. బాగుచేయడమే ఎవరికీ నేర్పలేదు. మీరు వచ్చి ఆ ఆడవాళ్లకు నేర్పాలి."

ఆ రోజు నుంచీ కలలే. కళ్లు మూస్తే చాలు, ఎయిర్‌పోర్టు గోడ అవతలి పాత ఊరు లేచి కూర్చుంటుంది. ఎయిర్‌పోర్టు కట్టడానికి వాళ్ల ఊరు పోయింది. ఊరు వదిలేటప్పుడు అందరూ దూలాలు, తలుపులు, దేవుడి పటాలు తెచ్చుకుంటే, ప్రేమలత మామ చెన్నయ్య బోరింగు తల విప్పి బండి మీద వేసుకుని వచ్చాడు. దాన్నే ఈ కొత్త కాలనీలో ఇంటి ముందర నిలబెట్టాడు. మిగిలిన ఊరంతా విమానాలు పరుగెత్తే నున్నటి నల్లదారి కింద పడుకుంది. కలలో ఆ నల్లదారి నీళ్లయి పారుతుంది. ఫోటోలోని ఆడవాళ్లు పువ్వుల బట్టలు కట్టుకుని బిందెలతో ఆ ఒడ్డుకు వస్తారు. ప్రేమలత ఎవరినో పేరు పెట్టి పిలవబోతుంది. పేరు నోటికి రాదు.

"ఏం ఆలోచిస్తున్నవ్?" అన్నాడు అరవింద్, సూట్‌కేసు మూత మీద మోకాలు వేసి. ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడుపుతాడు. విమానం ఎక్కేవాళ్లను వెయ్యిసార్లు దింపివచ్చిన మనిషి. తన పెళ్లాన్ని దింపాల్సి వచ్చేసరికి పొద్దటి నుంచి చేతులు ఆడడం లేదు.

"రెండింటి దాకా చూస్త" అన్నది ప్రేమలత. "అత్తమ్మ నోటి నుంచి పోయిరమ్మని ఒక్క మాట రాకుంటే, మేడమ్‌కు ఫోన్ చేసి రానని చెప్త."

"పాగలైనవా? టికెట్టు వచ్చినంక?"

"రానీ. ఇంట్ల మనిషి నా చేతి నీళ్లు తాగుతలేదు. నేను దేశాలు పట్టుకొని పోయి ఎవ్వరికి నీళ్లు తాపుత?"

 ప్రేమలతకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. పన్నెండేళ్ల కింద ఈ ఇంటి కోడలిగా వస్తే, పాన పట్టడం మామ నేర్పాడు. గ్రీసు అంటిన చేతులతో వస్తే అన్నం కలిపి నోట్లో పెట్టింది అత్త. ఆ అత్త మూడు రోజులుగా ముఖం చూడడం లేదంటే, పిల్ల మనసు మనసులో ఎట్లా ఉంటుంది!

*

అరవింద్ గడపలోకి పోయి తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, పోయిరా బిడ్డా అని ఒక్క మాట అనరాదే. అంటే ముత్యాలు రాల్తయా?"

"నేనెవలను అననీకి? మెకానిక్ సాబ్ పొమ్మన్నడు, మెకానిక్కమ్మ పోతున్నది. నడుమల నేనేంది? చాయ పోసేదాన్ని."

"గీ చాయ ముచ్చటేంది మల్ల?"

"ఏం లే. తాగుతవా?"

గోడకు ఆనుకుని కూర్చున్న చెన్నయ్య దగ్గాడు. ముప్పై ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లలో బోరింగులు బాగుచేసిన మనిషి. ఇప్పుడు కంటికి పొర కమ్మి, ఎదురుగా ఉన్న మనిషిని గొంతు బట్టి గుర్తుపడుతున్నాడు.

"సక్కూ, పిల్ల ఆరు నెలలల్ల తిరిగొస్తది. నలుగురి నోట్లె మంచినీళ్లు పోసి వస్తది. పుణ్యం గాదె?"

"పుణ్యం ఆడ, బోరింగు ఈడ. రేపు ఇది ఖరాబైతే ఎవలు చూస్తరు? నీకా కండ్లు కనవడవు. నీ కొడుక్కా, పాన ఏ దిక్కు తిప్పాల్నో తెల్వది."

ప్రేమలత లోపలి నుంచి వచ్చింది. ఈ ప్రశ్నకైతే తన దగ్గర జవాబుంది. ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నది.

"షాద్‌నగర్ మెకానిక్ గోపయ్యకు చెప్పిన అత్తమ్మా. ఫోన్ చేస్తే బండేసుకొని వస్తడు. పరేషాన్ గాకు."

సక్కుబాయి మూడు రోజుల్లో మొదటిసారి తలెత్తి కోడలి ముఖం చూసింది.

"గోపయ్యకు చెప్పినవు."

"అవ్ అత్తమ్మా."

"షాద్‌నగర్ల ఉండే గోపయ్యకు."

"అవును."

"మంచిగ చేసినవు. ఇంట్ల ఎవ్వలు లేనట్టు."

అంతే. లేచి అనంతమ్మ ఇంటికి పోయింది. ఏమన్నానని ఇంత కోపం? ప్రేమలత మామ వంక చూసింది. చెన్నయ్య చూపులేని కళ్లను నేలకు దించాడు.  ఒక విమానం దడదడమని ఇంటి మీదుగా పోయింది, గిన్నెలు కదిలాయి, మళ్లీ సద్దుమణిగింది.

*

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గల్లీలో పిట్ట కూడా లేదు. అరవింద్ కారు కడగడానికి పోయాడు. చెన్నయ్య కునుకు తీస్తున్నాడు. ప్రేమలత సూట్‌కేసు మీద తల వాల్చి, ఒక్క నిమిషమే అనుకుని కళ్లు మూసింది.

మళ్లీ అదే నల్లదారి, అదే నీళ్లు. ఈసారి ఒడ్డున బోరింగు కూడా ఉంది. ఒక ఆడమనిషి ఇటు వీపు పెట్టి, వంగి, బోరింగు గొట్టానికి చెవి ఆనించి వింటోంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుంది. ప్రేమలత వెనక నిలబడి, "నీళ్లు ఎంత లోతుల ఉన్నయవ్వా?" అని అడిగింది. ఆమె తిరగలేదు. రోకలితో దేన్నో పోటు పెట్టింది. టక్కు, టక్కు. ఇనుము మీద కర్ర చప్పుడు. "నన్నెందుకడుగుతవు? మెకానిక్‌ను అడుగు" అన్నది. ఆ గొంతు ఎక్కడో విన్నదే.

"ప్రేమా! ఓ ప్రేమా! బోరింగు పోయిందే!"

ఉలిక్కిపడి లేచింది. అనంతమ్మ కేక. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

బయట ఎప్పుడు చేరారో ఏమో, పది పదిహేను మంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వరుసకట్టారు. ట్యాంకరు వచ్చి నాలుగు రోజులైంది. కాలనీకంతటికీ తాగేనీళ్లు ఈ బోరింగువే. అనంతమ్మ బోరింగు చెయ్యి పట్టుకుని ఊపి చూపించింది. కొడుతుంటే బరువే తగలడం లేదు, ఉత్తగా ఊగుతోంది.

"చూసిన్రా?" అన్నది ఎదురింటి అరుగు మీది నుంచి సక్కుబాయి. "గంగమ్మ తల్లి గూడ వద్దనే అంటున్నది. పయనం పొద్దు గల్లి నిండ ఖాళీ బిందెలు. ఇగ నీ ఇష్టం."

ఆ మాటకు ఆడవాళ్లు ఖాళీ బిందెలను కొంగు చాటుకు లాక్కున్నారు. ఖాళీ బిందె ఎదురైతే పక్క ఊరికి కూడా పోరు. దేశం కాని దేశం ఎట్లా పోతారు?

ప్రేమలత పాన తెచ్చి బోరింగు తల ముందరి మూతకున్న బోల్టు విప్పింది. బోల్టు చేతిలోకి రాగానే దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

బోల్టు మరలకు నూనెలో ముంచిన నూలువత్తి చుట్టి ఉంది.

అది చెన్నయ్య ఇంటి పద్ధతి. బోల్టుకు తుప్పు పట్టకుండా దీపం వత్తి లాంటి వత్తిని నూనెలో ముంచి చుట్టి, ఆ తర్వాతే బిగిస్తారు. చుట్టూ ఏ మండలంలోనూ ఏ మెకానిక్కూ అట్లా చేయడు. ప్రేమలత ఈ మూత చివరిసారి బిగించి నెల దాటింది. ఆ వత్తి ఈపాటికి గ్రీసు పట్టి నల్లగా ఉండాలి. ఇది తెల్లగా, ఇప్పుడే చేసినట్టు ఉంది.

లోపల గొలుసు వదులుగా వేలాడుతోంది. గొలుసును బోరింగు చేతికి పట్టి ఉంచే బోల్టు లేదు. ఊడిపడితే లోపలే ఉండాలి. వేలు పెట్టి వెతికింది. లేదు.

తలెత్తి చూసింది. తమ వసారా స్తంభానికి రోకలి ఆనించి ఉంది. దాని పొన్నుకు గ్రీసు మరక. పాన లేక బోల్టును దీంతో కొట్టి వదులుచేసిన చప్పుడే కలలో వినిపించింది. అరుగు మీద అత్తమ్మ బొమ్మలా కూర్చుని ఉంది. కొంగు చివర ముడి ఒకటి బరువుగా వేలాడుతోంది.

పాపం, సక్కుబాయి! చెడగొట్టడానికి విప్పింది కానీ, మూత బిగించేటప్పుడు చేతులు అలవాటు తప్పలేకపోయాయి. వత్తి చుట్టకుండా బోల్టు పెట్టడం ఆ చేతులకు రాదు.

*

ప్రేమలత ఎవరితో ఏమీ అనకుండా లోపలికి వచ్చి మామ ముందర కూర్చుంది. చెన్నయ్య మేలుకునే ఉన్నాడు.

"మామా, వత్తి చుట్టుడు ఎవల పద్ధతి?"

చెన్నయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

"అత్తమ్మకు బోరింగు పని వస్తదా?"

ముసలాయన చెయ్యి చాపి కోడలి చెయ్యి వెతికి పట్టుకున్నాడు. 

"వత్తే గాదు బిడ్డా. గొట్టానికి చెవి పెట్టి నీళ్లు ఎంత లోతున్నయో చెప్పుడు నీకు నేర్పిన సూడు, గది గూడ నాది గాదు. నాకేనాడు ఇనవడలే. మీ అత్త ఇని చెప్తే, నేను సార్లకు చెప్పేటోన్ని. నువ్వు రాకముందు సంచి అది మోసేది, పైపులు అది పట్టేది, పేరు నాది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"సర్కారోళ్లు ఆడోళ్లకు ట్రైనింగు ఇస్తమని వచ్చిన్రు గద. నీ ఇంట్ల ఎవలున్నరు చెన్నయ్యా అని అడిగిన్రు. అది గా దర్వాజల చాయ గిలాసలు పట్టుకొని నిలబడ్డది. దానికి సంతకం రాదు. నువ్వు ఏడు సదివినవు. నీ పేరు రాపిచ్చిన." ఆయన అరచేతితో ముఖం తుడుచుకున్నాడు. "గారోజు అది ఒక్క మాట అనలే. అందరికి చాయ పోసి, గిలాసలు కడుక్కుంట కూసున్నది. ఆరేండ్లాయె. గిప్పటిదాంక అనలే బిడ్డా."

 ఆరేళ్లు! ఆ ఆరేళ్లూ తన గ్రీసు చేతులు చూసి, అన్నం కలిపి పెట్టింది. అప్పుడు కడుపులో ఎంత కోత పడిందో! పైగా తను పోయి షాద్‌నగర్ గోపయ్యకు చెప్పింది. ఇంట్లో ఎవ్వరూ లేనట్టు.

ఏడుపొచ్చింది. సిగ్గేసింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది, అందరి మీదా, తన మీదా.

బయట కారు హారన్ మోగింది. అరవింద్ పరుగున వచ్చాడు. "రెండు దాటింది. ఏమంటవ్? ఫోన్ చేస్తవా?"

"చెయ్య" అన్నది ప్రేమలత. "పోతున్న. నేనీడనే ఉంటే గా పాన ఎప్పటికి నా చేతులనే ఉంటది. సూట్‌కేసు పెట్టు."

*

గల్లీలో అనంతమ్మ తిట్ల దండకం ఎత్తుకుంది. "ఎవడు ఖరాబు చేసిండో వాని చేతులిరుగ! వాని చేతులకు పుండ్లు పుట్ట!" పక్కనే కూర్చున్న సక్కుబాయి చేతులను చీర మడతల్లో దాచుకుంది.

"ఎవ్వలు చెయ్యలే చిన్నత్తా, తిట్టకు" అన్నది ప్రేమలత. "బోల్టు అరిగి ఊడిపడ్డది."

సక్కుబాయి కళ్లు ఒక్కసారి కోడలి మీద పడి పక్కకు తప్పుకున్నాయి.

ప్రేమలత సూట్‌కేసులోంచి తీసిన పెద్ద పానను రెండు చేతులతో పట్టుకుని పోయి అత్త కాళ్ల దగ్గర పెట్టింది. మామ చేతి నుంచి తనకు వచ్చిన పాన అది.

"అత్తమ్మా, నాకు యాళ్ల లేదు. బోరింగు నువ్వు చెయ్యి."

ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు. "సక్కుబాయి బోరింగు చేసుడా!" అన్నారెవరో.

సక్కుబాయి ముఖం నల్లబడింది. "నలుగుర్ల నన్ను నగుబాట్లు చేస్తున్నవా? నాకేమొస్తది? చాయ పోసేదాన్ని."

"మామ చెప్పిండు. చెవి ఎవలదో."

సక్కుబాయి మెల్లగా తల తిప్పింది. చెన్నయ్య గోడ తడుముకుంటూ దర్వాజా దాకా వచ్చాడు. గల్లీ ఎటుందో, మనుషులు ఎటున్నారో తెలియక గాలికే చెప్పాడు.

"నవ్వకున్రి. ముప్పై ఏండ్లల్ల నాకు నీళ్లు ఒక్కనాడు ఇనవడలే. దానికే ఇనవడ్డయి. మెకానిక్ అది. నేను సంతకం పెట్టేటోన్ని."

 సక్కుబాయి ఆయనవైపు చూస్తూనే ఉంది. ఏమైనా అంటుందని ప్రేమలత ఎదురుచూసింది. తిట్టినా బాగుండు. ఏడ్చినా బాగుండు. 

ప్రేమలత వంగి కాళ్లు మొక్కబోయింది. సక్కుబాయి కాళ్లు వెనక్కి తీసుకుంది.

ఇంక చేసేదేముంది? కళ్లు తుడుచుకుని పోయి కారెక్కింది. గల్లీకి రెండు దిక్కులా ఖాళీ బిందెలు. వాటి నడుమ నుంచి కారు మెల్లగా పాక్కుంటూ బయటపడింది.

*

మెయిన్ రోడ్డు ఎక్కే మలుపులో చెరుకురసం బండి దగ్గర అరవింద్ కారు ఆపేశాడు.

"గిన్ని ఖాళీ బిందెలు ఎదురైనంక నేను నడపలేను ప్రేమా. జరసేపు కూసొని పోదాం. కూసొని లేస్తే దోషం పోతదంటరు."

ఊరంతా తిరిగే డ్రైవరుకు కూడా ఈ పట్టింపు పోలేదు. ప్రేమలత కాదనలేదు. ఇద్దరూ తాటాకుల నీడలో కూర్చున్నారు. ఆయన గడియారం చూసుకుంటున్నాడు. ఆమె రోడ్డు చూస్తోంది. ఎండకు రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు మెరుస్తోంది, దగ్గరికి వచ్చిన లారీ ఆ నీళ్లలోంచే లేచి వస్తున్నట్టుంది. ఎయిర్‌పోర్టు గోడ అవతల ఒక విమానం తోక మాత్రం కనిపిస్తూ నిదానంగా జరిగిపోతోంది. సరిగ్గా ఆ తోక కిందనే కదూ తమ వాకిలి ఉండింది? పెళ్లయి వచ్చిన రోజు అత్తమ్మ బిందెడు నీళ్లు కాళ్ల మీద పోసి లోపలికి పిలిచింది. ఆ తడి ఇంకా ఆరనట్టే ఉంది, పన్నెండేళ్లు ఎటు పోయాయో!

"ఆడ నేర్పియ్యంగ చెవి ముచ్చట అడిగితే ఏం చెప్తవ్?" అన్నాడు అరవింద్, ఏదో ఒకటి మాట్లాడాలని.

"మా అత్త పద్ధతి అని చెప్త."

అరగంట గడిచింది. మూడు కొట్టడానికి పది నిమిషాలుంది. అరవింద్ లేచి కారు తలుపు తీశాడు. ప్రేమలత ఎక్కబోతూ ఆగింది.

కాలనీ గోడకు బస్టాండు వైపు మనుషులు దూరేంత సందు ఒకటుంది. ఆ సందులోంచి ఎవరో వచ్చి రోడ్డెక్కారు. ఎండలో ఆ ఆకారం నీళ్లలో నీడలా ఊగుతోంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి ఉంది. నెత్తి మీద బిందె. నడకకు తొణికిన నీళ్లు భుజం మీద పడి మెరుస్తున్నాయి.

కలలో వీపు తిప్పుకుని కూర్చున్న మనిషి ఇప్పుడు ఎదురుగా నడిచి వస్తోంది.

"అమ్మ!" అన్నాడు అరవింద్.

సక్కుబాయి రొప్పుతూ వచ్చి కారుకు సరిగ్గా ఎదురుగా నిలబడింది. మోచేతుల దాకా గ్రీసు. కొంగు ముడి విప్పి ఉంది. బిందె అంచుల దాకా నిండుగా ఉంది.

"నిండు బిందె ఎదురొచ్చిన. ఇగ పోవచ్చు" అన్నది కొడుకుతో.

బిందె దింపి చేతిలోకి వంచింది. "దోసిలి పట్టు" అన్నది కోడలితో. ప్రేమలత దోసిలి పట్టింది. చల్లటి నీళ్లు. తాగుతుంటే కన్నీళ్లు కూడా అందులోనే కలిశాయి.

"అత్తమ్మా, నాకు తెల్వకపోయె. తెలిస్తే నీ పేరే..."

"ఊకో. తెల్వనోళ్ల మీద నాకేం కోపం? తెలిసినోడే చెప్పకపోయె." సక్కుబాయి బిందెను కోడలి చేతికిచ్చి తను దోసిలి పట్టింది. "పొయ్యి."

"ఏంది?"

"నీళ్లు పొయ్యే పిల్లా. మూడు దినాలాయె దూప తీరక. అనంతమ్మ ఇంట్ల నీళ్లు గొంతు దిగుతలేవు."

ప్రేమలత పోసింది. సక్కుబాయి తాగుతూనే ఉంది. గడ్డం మీది నుంచి, మెడ మీది నుంచి నీళ్లు కారి రవికె తడిసిపోయింది. అరవింద్ నవ్వుతూ ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఇగ పోన్రి. యాళ్లయితున్నది" అన్నది సక్కుబాయి. కోడలిని తనే కారులో కూర్చోబెట్టి తలుపు వేసింది. కారు స్టార్టయింది.

తలుపు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"ప్రేమా."

"చెప్పు అత్తమ్మా."

సక్కుబాయి అటూ ఇటూ చూసింది. చెరుకురసం బండివాడు కూడా వినకూడదన్నట్టు కిటికీలోకి వంగి, గ్రీసు అంటిన బొటనవేలును చీరకు మెల్లగా తుడుచుకుంటూ అడిగింది.

"గా పాసుపోర్టుకు ఏలిముద్ర ఏస్తే ఇస్తరా? సంతకమే కావాల్నా?"